ఎయిడ్ అడిగితే సీటు పోతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రాసిన ఉత్తరాల్లో ఈసారి ఒకటే బెంగ కనిపించింది. డబ్బు సాయం కావాలని దరఖాస్తులో రాస్తే కాలేజీవాళ్లు పక్కన పెట్టేస్తారేమోనని. అలాంటి ఉత్తరాల్లోంచి కొన్నింటిని ఎంచి జవాబులిస్తున్నాం. లెక్కలన్నీ డాలరుకు 90 రూపాయల చొప్పున వేశాం. మీరు దరఖాస్తు పెట్టేనాటి రేటుతో మళ్లీ వేసుకోండి.

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. నాన్న ఆర్టీసీ డ్రైవరు, జీతం ఏడాదికి 6 లక్షలు. కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) ఆర్థిక సాయం కోరుతున్నారా అన్నచోట 'అవును' అని పెడితే సీటు రాదని అందరూ అంటున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థిని, ఆమదాలవలస

కొన్ని కాలేజీల్లో నిజం, కొన్నింటిలో కాదమ్మా. ఎక్కడ నిజమో ఎక్కడ కాదో చూసుకోకుండా కాలేజీల జాబితా వేసుకుంటేనే దెబ్బ తింటారు.

సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు కుటుంబం ఎంత కట్టగలదో చూడని పద్ధతిని 'నీడ్ బ్లైండ్' అంటారు. అమెరికా పౌరులకు ఈ పద్ధతి పాటించే కాలేజీలు చాలా ఉన్నాయి. విదేశీ విద్యార్థులకు కూడా పాటించి, సీటు వచ్చాక అవసరమైన మొత్తమంతా ఇచ్చేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగా ఆ జాబితాలో ఉన్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ చేరాయి. 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ కూడా ఇదే పద్ధతిలోకి వచ్చింది. ఈ జాబితా ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకోకండి. డార్ట్‌మత్ ఇంతకుముందు ఒకసారి ఈ పద్ధతి పెట్టి, 2015లో తీసేసి, 2022లో మళ్లీ తెచ్చింది. పాత యూట్యూబ్ వీడియో చూసి నమ్మకుండా, దరఖాస్తు పెట్టే ఏడాది ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో విదేశీ విద్యార్థుల ఆర్థిక సాయం పేజీని మీరే చదవండి. ఈ కాలేజీల్లో 'అవును' అని పెట్టినందుకు మీకు పోయేదేమీ లేదు. అలాగని సీటు తేలిగ్గా వస్తుందని కాదు. హార్వర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల దరఖాస్తు చేసిన వందమందిలో ఐదుగురికి కూడా సీటు రాదు.

మిగతా ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ భాగం విదేశీయుల విషయంలో 'నీడ్ అవేర్'. అంటే మీరు అడిగే డబ్బును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్సిల్వేనియా, డ్యూక్, స్వార్త్‌మోర్ ఈ కోవలోవే. మీరు విన్నది వీటి విషయంలో నిజం. అయితే 'అవును' అని చూడగానే ఫైలు మూసేస్తారని మాత్రం అనుకోకండి. ముందు మార్కులు, వ్యాసాలు, సిఫారసు లేఖలు చదువుతారు. చదువులో నిలబడ్డవాళ్ల జాబితా తయారవుతుంది. ఆ తరువాతే డబ్బు మాట వస్తుంది. విదేశీ విద్యార్థులకని ఆ ఏడాది ఇంత అని కేటాయింపు ఉంటుంది, దాన్ని పంచాలి. మొత్తం ఖర్చు అడిగే విద్యార్థికి ఏడాదికి 80,000 డాలర్లు అనుకుంటే నాలుగేళ్లకు 3,20,000 డాలర్లవుతుంది. ఏడాదికి 20,000 అడిగేవాళ్లయితే అదే డబ్బుతో నలుగురు చదువుతారు. సమానంగా ఉన్న రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఈ లెక్క పనిచేస్తుంది. కాలేజీ కచ్చితంగా కావాలనుకునే విద్యార్థి విషయంలో పెద్దగా పనిచేయదు, అంచున ఉన్నవాళ్ల విషయంలోనే గట్టిగా పనిచేస్తుంది.

కాబట్టి అవునా కాదా అన్నదానికంటే ఎంత అడుగుతున్నారన్నది ముఖ్యం. కొన్ని కాలేజీలు 'మీ కుటుంబం ఏటా ఎంత కట్టగలదు' అని సూటిగా అడుగుతాయి. మీ ఇంట్లో 6 లక్షల జీతంలోంచి పీకల మీదికి తెచ్చుకోకుండా 2 లక్షలు తీయగలరనుకుందాం. అది దాదాపు 2,200 డాలర్లు. ప్రైవేటు కాలేజీలో ఫీజు, గది, భోజనం, పుస్తకాలు, ఆరోగ్య బీమా కలిపి ఏడాదికి 90,000 డాలర్ల దాకా, అంటే 81 లక్షలు అవుతుంది. మిగిలిన 87,800 డాలర్లూ కాలేజీయే భరించాలి. ఈ పరిస్థితిలో మీరు 'కాదు' అని పెట్టి సీటు తెచ్చుకుంటే ఏం చేస్తారు? మీకున్న దారి 'అవును' ఒక్కటే. దానికి తగ్గట్టు జాబితా వేసుకోవాలి. విదేశీయులకు నీడ్ బ్లైండ్‌గా ఉన్నవి రెండు మూడు, అవసరమంతా తీరుస్తామని మాట ఇచ్చిన నీడ్ అవేర్ కాలేజీలు ఐదారు పెట్టుకోండి. కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీని కూడా చూడండి. అక్కడ ట్యూషన్ ఫీజు అసలు ఉండదు, విద్యార్థులందరూ క్యాంపస్‌లో పని చేయాలి, విదేశీ విద్యార్థికి మొదటి ఏడాది ఖర్చంతా కాలేజీయే చూసుకుంటుంది. సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విదేశీయులకు అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం దాదాపు ఉండదు కనుక వాటి మీద దరఖాస్తు రుసుము తగలేయకండి.

ఇంకో మాట. ఈ దరఖాస్తుల పేరుతో ఈఏపీసెట్, జేఈఈ చదువు వదలకండి. పూర్తి సాయం కావాల్సిన విద్యార్థికి అన్ని చోట్లా కాదనే జవాబు రావడం మామూలే. అది మీ తెలివితేటల మీద తీర్పు కాదు.

ప్రశ్న: మాకు తెలిసిన కన్సల్టెన్సీ ఆయన 'ముందు సాయం అక్కర్లేదని పెట్టండి, సీటు వచ్చి అక్కడికి వెళ్లాక అడిగితే కాలేజీవాళ్లే ఇస్తారు, ఈలోపు గుంటడు పార్ట్‌టైం చేసుకుంటాడు' అంటున్నారు. మొదటి ఏడాదికి పొలం అమ్మి కట్టగలను. చేయవచ్చా?
— ఒక తండ్రి, టెక్కలి

చేయకండి. ఈ సలహా వినే చాలా ఇళ్లు గుల్లవుతున్నాయి.

నీడ్ అవేర్ కాలేజీల్లో చాలావాటికి ఒక నియమం ఉంది. దరఖాస్తు సమయంలో సాయం అడగని విదేశీ విద్యార్థి ఆ తరువాత నాలుగేళ్లలో ఎప్పుడూ అడగడానికి వీల్లేదు. స్టాన్‌ఫర్డ్ దీన్ని తన వెబ్‌సైట్‌లోనే రాసి పెట్టింది. కొన్ని కాలేజీలు ఒకటి రెండేళ్ల తరువాత అడగనిస్తాయి. అదీ తండ్రి చనిపోవడం, ఉద్యోగం పోవడం లాంటి కొత్త కష్టం వస్తేనే. దరఖాస్తు నాడే ఉన్న ఇబ్బందిని రెండో ఏడాది కొత్తగా చూపిస్తే ఒప్పుకోరు.

పార్ట్‌టైం లెక్క కూడా వేద్దాం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే పని చేయాలి. గంటకు 12 డాలర్లు, ఏడాదికి 30 వారాలు అనుకుంటే 7,200 డాలర్లు. ఖర్చులో పదో వంతు కూడా రాదు. బయట పెట్రోలు బంకులో, రెస్టారెంటులో దొంగచాటుగా చేస్తే వీసాయే పోతుంది. రెండో ఏడాది ఫీజు కట్టలేక చదువు ఆగితే అబ్బాయికి డిగ్రీ ఉండదు, మీకు పొలం ఉండదు. అక్కడి నుంచి వేరే కాలేజీకి మారదామన్నా, మధ్యలో చేరే విదేశీ విద్యార్థులకు సాయం ఇచ్చే చోట్లు మొదటి ఏడాది వాళ్లకిచ్చే వాటికంటే చాలా తక్కువ.

నాలుగేళ్ల మొత్తాన్ని కాగితం మీద వేసుకోండి. ఫీజు ఏటా కొంత పెరుగుతుంది కనుక ఏడాదికి 4 శాతం కలపండి. ఆ మొత్తం ఎక్కడి నుంచి వస్తుందో రాయగలిగితేనే 'కాదు' అని పెట్టాలి. రాయలేకపోతే 'అవును'.

ప్రశ్న: పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ మాది. టర్నోవరు కోటిన్నర, మిగిలేది 6 లక్షలు. పాప కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ నింపుతుంటే మా ఆదాయం కోటిన్నరలా కనిపిస్తోంది. ఎలా రాయాలి?
— ఒక తల్లి, పలాస

వ్యాపార కుటుంబాల దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. కాస్త ఓపిగ్గా చదవండి.

సీఎస్ఎస్ ప్రొఫైల్ అన్నది ఆర్థిక సాయం కోరేవాళ్లు నింపే ఆన్‌లైన్ ఫారం, కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ నడుపుతుంది. ఏటా అక్టోబరు 1న తెరుస్తారు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆ తరువాత ఒక్కోదానికి 16. ఎనిమిది కాలేజీలకు 137 డాలర్లు, మన డబ్బులో 12,330 రూపాయలు. ఈ రుసుము కట్టలేమనుకుంటే కాలేజీకి ముందుగా ఈమెయిల్ రాయండి. కొన్ని కాలేజీలు మాఫీ కోడ్ పంపుతాయి, కొన్ని వేరే ఉచిత ఫారం ఇస్తాయి. అమెరికా ప్రభుత్వ సాయానికి వాడే ఫాఫ్సా ఫారం మన పిల్లలకు వర్తించదు. ఎవరైనా దాన్ని నింపిపెడతామని డబ్బడిగితే ఇవ్వకండి.

ఫారంలో మొదట కరెన్సీ ఎంచుకోమంటుంది. భారత రూపాయి ఎంచుకున్నాక అన్ని గడుల్లోనూ రూపాయలే రాయాలి. కొందరు రూపాయి ఎంచుకుని, అలవాటుగా డాలర్లలోకి మార్చి 6,667 అని రాస్తారు. అప్పుడు 6 లక్షల ఇల్లు ఏడాదికి ఆరు వేల రూపాయలతో బతుకుతున్నట్టు కనిపిస్తుంది. డాలరు ఎంచుకుని 6,00,000 అని రాసినవాళ్లు కోటీశ్వరులైపోతారు. ఫారం పంపేముందు ప్రతి పేజీలో కరెన్సీ గుర్తు చూసుకోండి.

ఇక వ్యాపారం. టర్నోవరు అడిగే గడి వేరు, నికరలాభం అడిగే గడి వేరు. ఆదాయం కింద రాయాల్సింది రిటర్న్‌లో చూపిన నికరలాభం, 6 లక్షలు. చాలా కాలేజీలు దీనితోపాటు వ్యాపార, వ్యవసాయ అనుబంధ పత్రం కూడా అడుగుతాయి. అందులో జీడి పిక్కల కొనుగోలు, కూలీల వేతనాలు, కరెంటు, బాయిలరు ఖర్చు, వడ్డీ, తరుగుదల విడివిడిగా రాయాలి. తరుగుదల జేబులోంచి పోయిన డబ్బు కాదని కొన్ని కాలేజీలు దాన్ని మళ్లీ లాభంలో కలిపి చూస్తాయి. మీ లాభ నష్టాల పట్టికలో 6 లక్షల లాభం, 2 లక్షల తరుగుదల ఉంటే, వాళ్లు 8 లక్షలుగా లెక్కించే వీలుంది. ఆ యంత్రాల మీద అప్పు వాయిదాలు కడుతుంటే ఆ సంగతి వివరణ గడిలో తప్పక రాయండి.

ఆస్తుల పేజీలో ఇంకో చిక్కు. బ్యాంకు నిల్వలు ఫారం నింపే రోజు నాటివి అడుగుతారు. సరిగ్గా ఆ రోజే విశాఖ వ్యాపారి నుంచి 14 లక్షలు జమైతే, అది పాప చదువుకు దాచిన డబ్బులా కనిపిస్తుంది. నిజానికి అది మర్నాడు పిక్కల ఆసామికి పోయే సొమ్ము. వ్యాపారం ఖాతా నిల్వను వ్యాపార ఆస్తుల కింద చూపాలి, ఇంటి పొదుపు కింద కాదు. రెండూ ఒకే ఖాతాలో నడుపుతుంటే ఈ ఏడాదే విడదీయండి. గోదాములో ఉన్న పిక్కలు, పప్పు సరుకు విలువ ఆస్తి వైపు రాస్తే, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) బాకీని, పిక్కల వ్యాపారులకు ఇవ్వాల్సినదాన్ని అప్పు వైపు రాయాలి. మొదటిది రాసి రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇల్లు, ఫ్యాక్టరీ ఒకే కాంపౌండులో ఉంటే గజాల లెక్కన రెండుగా పంచి చూపండి. మొత్తాన్నీ రెండు చోట్లా రాస్తే ఆస్తి రెండింతలవుతుంది.

ప్రశ్న: పూసపాటిరేగ దగ్గర నాలుగెకరాల వరి రైతును. ఇన్‌కంటాక్స్ రిటర్న్ ఎప్పుడూ వేయలేదు. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఉంది. భోగాపురం విమానాశ్రయం వచ్చాక మా వైపు ఎకరం ధర కోట్లలో చెబుతున్నారు. కాలేజీకి ఏం చూపాలి?
— ఒక రైతు

రిటర్న్ లేకపోవడం తప్పు కాదు. ఆదాయపు పన్ను చట్టంలో వ్యవసాయాదాయానికి పన్ను లేదు. రిటర్న్ వేయనక్కరలేని కుటుంబమని, కారణం ఫలానా అని ఒక సంతకం చేసిన ప్రకటన ఇవ్వండి. కాలేజీలు దీన్ని మామూలుగానే తీసుకుంటాయి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం దానికి జత చేయండి. అయితే అదొక్కటే చాలదు. అందులో ఒక అంకె తప్ప ఆ అంకె ఎలా వచ్చిందో ఉండదు.

ఆ లెక్క మీరే ఒక పేజీలో వేసి ఇవ్వాలి. ఉదాహరణకు ఎకరాకు 25 బస్తాలు, బస్తా 80 కిలోలు అనుకుంటే నాలుగెకరాలకు 80 క్వింటాళ్లు. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మొత్తం 1,89,520 రూపాయలు. దుక్కి, నారు, ఊడ్పు, ఎరువు, కోత, నూర్పు కలిపి ఎకరాకు 30,000 పోతే 1,20,000 ఖర్చు. మిగిలేది 69,520. రెండో పంట, పాడి, కూలి డబ్బు ఉంటే వాటికి వేరే వరసలు. రైతు సేవా కేంద్రం ద్వారా అమ్మిన ధాన్యం రసీదు, ఆ డబ్బు జమైన పాస్‌బుక్ పేజీ జత చేస్తే చదివేవారికి నమ్మకం కుదురుతుంది. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిషు అనువాదం ఉండాలి.

ఆదాయ ధ్రువపత్రం గురించి నిక్కచ్చిగా ఒక మాట చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం, బియ్యం కార్డు కోసం చాలా ఇళ్లలో ఆదాయం తక్కువ రాయించి ఉంచుతారు. అదే ఇంటివాళ్లు వీసా నాటికి చార్టర్డ్ అకౌంటెంటు చేత రెండు కోట్ల ఆస్తి అని రాయించుకుంటారు. ఏడాది ఆదాయం 80 వేలు అన్న కాగితం, బ్యాంకులో నెలకు 60 వేలు వచ్చిపోతున్న స్టేట్‌మెంటు ఒకే కవర్లో వెళితే, అక్కడ కూర్చున్నవారు రెండింటినీ నమ్మరు. సాయం ఇచ్చే అధికారి రోజంతా ఇలాంటి కాగితాలే చూస్తారు. ఉన్నది ఉన్నట్టు రాసిన 69,520కి ఉన్న బలం, కట్టుకథగా చెప్పిన ఏ అంకెకూ ఉండదు.

భూమి ధర సంగతి నిజంగా ఇబ్బందే. ఫారంలో మార్కెట్ ధర అడుగుతారు. రియల్ ఎస్టేట్ వాళ్లు చెప్పే ధర కాకుండా, మీ సర్వే నంబరుకు దగ్గర్లో ఇటీవల రిజిస్టరైన అమ్మకం ధరను ఆధారంగా తీసుకోండి. ఆపైన వివరణ గడిలో రాయండి: ఈ భూమే మా జీవనాధారం, దీన్ని అమ్మితే ఆదాయం ఆగిపోతుంది. 1బి భూమి రికార్డులో పొలం ఇంకా మీ తండ్రిగారి పేరుతో ఉండి అన్నదమ్ములకు పంపకాలు కాకపోతే, మీ వాటా ఎంతో అంతే చూపించి, మిగతాది ఎవరిదో చెప్పండి. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయి, అమ్మకం మీద చట్టపరమైన ఆంక్షలుంటే ఆ సంగతి రాయాలి. అమెరికాలో కూర్చున్నవారికి డి-పట్టా అంటే ఏమిటో తెలియదు. మీరు చెప్పకపోతే అమ్ముకోదగ్గ ఆస్తిగానే లెక్కేస్తారు. పొలం తాకట్టు పెట్టి చదువు అప్పు తెచ్చుకోవచ్చు కదా అని కూడా అడగవచ్చు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని జప్తు చేసే వీలు బ్యాంకులకు లేదు, అందుకే చదువు అప్పులకు ఆ హామీని చాలా బ్యాంకులు తీసుకోవు. ఈ ముక్క కూడా రాయండి.

ప్రశ్న: ఎర్లీ డెసిషన్‌లో పెడితే సాయం అడిగినా అవకాశం పెరుగుతుందా?
— ఒక విద్యార్థి, గజపతినగరం

కొద్దిగా పెరగవచ్చు, కానీ కట్టుబడిపోతారు. ఎర్లీ డెసిషన్ అంటే సీటు ఇస్తే చేరతానని మీరు, మీ తల్లి లేదా తండ్రి, మీ కాలేజీ ప్రిన్సిపాల్ లేదా కౌన్సెలర్ సంతకాలు చేసిన ఒప్పందం. గడువు ఎక్కువగా నవంబరు 1, ఫలితం డిసెంబరు మధ్యలో. ఇచ్చిన సాయం చాలకపోతే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు, అందుకు కారణం చూపాలి. కానీ మిగతా కాలేజీలు ఎంతెంత ఇస్తాయో పోల్చి చూసుకునే వీలు పోతుంది.

అవసరమంతా తీరుస్తామని రాసి ఇచ్చిన కాలేజీకే ఎర్లీ డెసిషన్ పెట్టండి. 'కొంత సాయం ఇస్తాం' అనే కాలేజీకి పెట్టవద్దు. ఇంకో చిక్కుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్ తెరిచేది అక్టోబరు 1న, మీకు మిగిలేది నెల రోజులు. దసరా సెలవుల్లో ఇంటర్ కాలేజీ ఆఫీసు మూసి ఉంటుంది, మార్కుల పత్రాలకు, ప్రిన్సిపాల్ సంతకానికి సెప్టెంబరులోనే వెళ్లండి. దరఖాస్తు వెళ్లి సాయం కాగితాలు వెళ్లకపోతే, కొన్ని కాలేజీలు మీరు సాయం అడగనట్టే తీసుకుంటాయి, కొన్ని ఫైలునే పక్కన పెడతాయి.

ప్రశ్న: సాయం అక్కర్లేదని పెడితే మెరిట్ స్కాలర్‌షిప్ కూడా రాదా?
— బొబ్బిలి

అవి రెండూ వేరు. ఫారంలో అడిగేది కుటుంబ అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం గురించి. మెరిట్ స్కాలర్‌షిప్ మార్కులు, శాట్ పరీక్ష స్కోరు, ప్రతిభ చూసి ఇస్తారు, దానికి 'కాదు' అని పెట్టినా చాలా చోట్ల అడ్డు లేదు. అయితే హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు. ఇచ్చే చోట కూడా అది ఎక్కువగా ఫీజులో సగమో పావో ఉంటుంది. మిగతాది ఎలా కడతారన్నది మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రశ్న: ఎచ్చెర్లలో బీటెక్ ఆఖరి సంవత్సరం. ఎంఎస్‌కు కూడా ఈ నీడ్ అవేర్ గొడవ ఉంటుందా?
— ఒక విద్యార్థి

ఎంఎస్‌కు ఉండదు. అవసరాన్ని బట్టి సాయం అన్నది డిగ్రీ స్థాయిలోనే ఎక్కువ. ఎంఎస్‌లో ఎంపిక డిపార్ట్‌మెంటు చేస్తుంది, డబ్బు కాగితాలు సీటు వచ్చాక ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కోసం అడుగుతారు. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లు చేరాక దొరకవచ్చు, దొరకకపోవచ్చు. వాటిని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. పీహెచ్‌డీ వేరు. అక్కడ ఫీజు మాఫీ, నెలవారీ భృతి కలిపే సీటు ఇస్తారు. 'సొంత డబ్బుతో చదువుకుంటాను' అని రాసినంత మాత్రాన ప్రొఫెసరు తీసుకోరు.

అప్పు విషయం ముందే తేల్చుకోండి. ప్రభుత్వ బ్యాంకుల్లో 7.5 లక్షలు దాటితే మామూలుగా ఆస్తి హామీ కావాలి, అదీ ఇల్లో ఇంటి స్థలమో అయితే మంచిది. ఎంపిక చేసిన కొన్ని విశ్వవిద్యాలయాలకు హామీ లేకుండా ఇచ్చే బ్యాంకులున్నాయి. మీ విశ్వవిద్యాలయం ఆ జాబితాలో ఉందేమో దరఖాస్తుకు ముందే అడగండి. ఎస్సీ కుటుంబాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. మాస్టర్స్, పీహెచ్‌డీలకే ఇస్తారు, డిగ్రీకి ఇవ్వరు. పొందూరులో మగ్గం నేసే ఇళ్ల నుంచి బీటెక్ దాకా వచ్చిన పిల్లలు దీన్ని తప్పక చూడాలి.

ప్రశ్న: సీటు వచ్చింది. కాలేజీ 60,000 డాలర్లు ఇస్తోంది, వీసాకు మేం 12,000 చూపాలి. కమిషన్‌కు మూడు నెలలు మా ఖాతాలో డబ్బు వేసి ఉంచుతామని ఒకరంటున్నారు. అందరూ అలాగే చేస్తున్నారట.
— ఒక తండ్రి, రాజాం

వద్దు. కాన్సులేట్ అధికారి చూసేది నిల్వ ఒక్కటే కాదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడుగుతారు. ఏడాదంతా 40 వేలు దాటని ఖాతాలో ఒక్కరోజు 11 లక్షలు పడితే ప్రశ్న వస్తుంది. అబ్బాయి అక్కడ అబద్ధం చెప్పాల్సి వస్తుంది. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికా వలస చట్టం కింద జీవితాంతం ప్రవేశ నిషేధం పడవచ్చు. 60,000 డాలర్ల సీటు తెచ్చుకున్న పిల్లాడిని ఆ ప్రమాదంలోకి నెట్టకండి.

మీరు చూపాల్సింది 12,000 డాలర్లే, అంటే 10.8 లక్షలు. మంజూరైన చదువు అప్పు పత్రం చెల్లుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పీఎఫ్ నిల్వ, దగ్గరి బంధువు ఇచ్చే హామీ పత్రం, దానితోపాటు ఆయన ఆదాయం కాగితాలు చూపవచ్చు. కాలేజీ ఇస్తున్న 60,000 ఐ-20 మీద అచ్చయి ఉంటుంది, వీసాకు అంతకంటే బలమైన ఆధారం లేదు. అచ్చయిందో లేదో, అంకె సరిగ్గా ఉందో లేదో సెవిస్ (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థులను నమోదు చేసే వ్యవస్థ) రుసుము 350 డాలర్లు కట్టేముందే చూసుకోండి. తప్పుంటే కాలేజీకి రాసి కొత్త ఐ-20 తెప్పించుకోండి. వీసా రుసుము 185 డాలర్లు అదనం.

ప్రశ్న: మా చెల్లికి ఒక కాలేజీలో సీటు వచ్చింది. ఏటా 9,000 డాలర్లు మేం కట్టాలంటున్నారు. జనవరిలో కాగితాలు పంపాక నాన్నకు డయాలసిస్ మొదలైంది, పనికి వెళ్లలేకపోతున్నారు. ఇప్పుడు మళ్లీ అడిగితే సీటు వెనక్కి తీసుకుంటారా?
— ఒక అన్న, కవిటి

తీసుకోరు. సీటు ఇచ్చాక సాయం తిరిగి చూడమని అడగడం అందరికీ ఉన్న హక్కు, దీనికీ ప్రవేశానికీ ఇక సంబంధం లేదు. పైగా మీది కొత్తగా వచ్చిన కష్టం. ఇలాంటి కారణానికే వాళ్లు లెక్క మారుస్తారు.

అడిగేది ఆర్థిక సాయం కార్యాలయాన్ని, అడ్మిషన్ కార్యాలయాన్ని కాదు. చెల్లెలే తన ఈమెయిల్ నుంచి రాయాలి. ఒక పేజీ చాలు. ఉత్తరంలో ముందు కృతజ్ఞత, తరువాత ఏ తేదీన ఏం మారింది, దానివల్ల నెలకు ఎంత ఆదాయం పోయింది, ఎంత ఖర్చు పెరిగింది, ఇప్పుడు ఎంత కట్టగలరు అన్నది అంకెల్లో ఉండాలి. 'వీలైనంత ఎక్కువ ఇవ్వండి' అని రాస్తే వాళ్లకు ఏం చేయాలో తెలియదు, '9,000 బదులు 1,500 కట్టగలం' అని రాయండి. ఆసుపత్రి ఇచ్చిన వ్యాధి నిర్ధారణ పత్రం, డయాలసిస్ కార్డు, నాన్నగారు పని చేసిన చోటి నుంచి ఆగిపోయిన జీతం గురించి ఒక ఉత్తరం జతచేయండి. చికిత్స ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా జరుగుతుంటే ఆ సంగతి దాచకండి. అయినా కవిటి నుంచి వారానికి రెండు మూడుసార్లు రానూపోనూ ఆటో, మందులు, వెంట వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలి ఉంటాయి, అవి రాయండి. పింఛను వస్తుంటే అదీ ఆదాయం కింద చూపాలి. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో రెండు వాక్యాల్లో చెబితే సరిపోతుంది, అంతకంటే మీ ఇంటి కాగితాలే ముఖ్యం.

చేరతామని చెప్పే గడువు చాలా కాలేజీలకు మే 1. తిరిగి చూడటానికి రెండు వారాలైనా పట్టవచ్చు. ఏప్రిల్ మొదటి వారంలోనే పంపించండి, జవాబు వచ్చేదాకా మే 1 గడువు పొడిగించమని అదే ఉత్తరంలో అడగండి. పొడిగించామని వాళ్లు రాతపూర్వకంగా చెప్పేవరకు డిపాజిట్ తేదీని దాటనివ్వకండి.